ఒళ్లో చేరే పిల్లి కావాలి, ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

కిటికీపక్కన | బుధవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మీ చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

ఇంట్లో అమ్మ, నేను ఇద్దరమే. నేను పొద్దున్నే ఆఫీసుకి వెళ్తే చీకటి పడ్డాకే వస్తాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పగలంతా కుర్చీలోనే. నాన్న పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. "ఒక పిల్లిని తెచ్చుకుందామే, ఒళ్లో పడుకుంటే చాలు నాకు" అని అమ్మే అడిగింది.

నా భయం ఒకటే. ఇంతకుముందు మా ఇంట్లో ఒక పిల్లి ఉండేది. ఆరేళ్లు పెంచాం. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఒళ్లోకి రాలేదు. ఎత్తుకోబోతే పెనుగులాడి దూకేసేది. ఎవరైనా ఇంటికొస్తే మంచం కిందే ఉండేది. దాన్ని చాలా ప్రేమించాను, పోయినప్పుడు ఏడ్చాను కూడా. కానీ అది నన్ను ఇష్టపడలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. అమ్మకి అలా జరగకూడదు.

పిల్లని చూడగానే అది పెద్దయ్యాక మనిషికి దగ్గరగా మసలుతుందో లేదో చెప్పగలమా? జాతి చూడాలా, రంగు చూడాలా, ఆడా మగా చూడాలా? ఎంత చిన్నప్పుడు తెచ్చుకుంటే అంత మాలిమి అవుతుందని పక్కింటావిడ అంటున్నారు. ఆవిడకి తెలిసినవాళ్ల దగ్గర నెలా పదిరోజుల పిల్లలున్నాయట. ఈ ఆదివారం వచ్చి తీసుకెళ్లమంటున్నారు.

మూడుపిల్లులు | బుధవారం, రాత్రి 9:48

ఆదివారం వెళ్లి చూడండి, కానీ తీసుకురాకండి. నెలా పదిరోజులంటే ఆరు వారాలు కూడా నిండలేదు. మీ పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గానీ ఈ ఒక్క మాటా వినొద్దు.

మా మూడింట్లో పెద్దదాన్ని నేనూ అలాగే ఐదో వారంలో తెచ్చాను. పాలు తాగే వయసులో వచ్చింది కాబట్టి నన్నే తల్లి అనుకుంటుంది అనుకున్నాను. ఏడాది పాటు నా చేతులు చూస్తే ఎవరైనా జాలిపడేవాళ్లు. ప్రేమగా వచ్చి కూర్చునేది, నిమిషంలో చర్మం తెగేలా కొరికేది. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో దానికి తెలియదు, నేర్పే తోబుట్టువులు దాని దగ్గర లేవు.

జంతువైద్యం | బుధవారం, రాత్రి 10:31

వృత్తిరీత్యా పశువైద్యుణ్ని. ఇందులో రెండు వేరువేరు విషయాలున్నాయి, రెంటినీ కలిపేయడం వల్లే ఈ గందరగోళం. పిల్లకి మనిషి అలవాటు కావడం ఒకటి, పిల్ల తల్లిని వదలడం ఒకటి. మొదటిది తొందరగా జరగాలి. రెండోది ఆలస్యంగా జరగాలి.

పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్లి మెదడు చాలా మెత్తగా ఉంటుంది. ఆ రోజుల్లో మనిషి చెయ్యి, గొంతు, వాసన పరిచయమైతే మనుషులు తన లోకంలో భాగమని అది నమ్ముతుంది. అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ 1980లలో దీని మీదే పరిశోధన చేశారు. రోజుకి 15 నిమిషాలు ఎత్తుకుని ఆడించిన పిల్లలకంటే 40 నిమిషాలు ఆడించినవి తర్వాత మనిషి దగ్గర ఎక్కువసేపు నిలిచాయి. ఆ వయసులో మనిషి చెయ్యే ఎరగని పిల్లని తర్వాత మాలిమి చేయొచ్చు, కానీ చాలా ఓపిక కావాలి, కొన్నిసార్లు సగందాకానే వస్తుంది.

ఇదంతా తల్లి పక్కన ఉండగానే జరగాలి. ఫిన్లాండ్‌లో దాదాపు 5,700 పిల్లుల వివరాలు సేకరించి చేసిన పరిశోధన 2017లో వచ్చింది. 8 వారాలు నిండకముందే తల్లిని వదిలిన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా కనిపించింది. 12 వారాలు ఆగమని మేం మామూలుగా చెబుతాం. ఆ పరిశోధకులైతే 14 వారాలు అన్నారు.

కాబట్టి "ఎన్ని రోజుల పిల్ల" అని అడిగే ముందు "ఎక్కడ పెరుగుతోంది, రోజూ ఎవరు ఎత్తుకుంటున్నారు" అని అడగండి. పెరట్లో పాత సామాన్ల గదిలో పెరిగిన పిల్లకీ, మనుషులు తిరిగే హాలు మూలలో, మిక్సీ చప్పుడూ టీవీ గోలా వింటూ పెరిగిన పిల్లకీ తేడా ఉంటుంది.

ఇంకొకటి, తల్లిని చూడండి. తండ్రి ఎవరో తెలిస్తే ఇంకా మంచిది. శాండ్రా మెక్యూన్ 1995లో ప్రచురించిన పరిశోధనలో, స్నేహంగా ఉండే మగపిల్లి సంతానం కొత్త మనిషి దగ్గరికీ కొత్త వస్తువు దగ్గరికీ ధైర్యంగా వెళ్లింది. ఆ పిల్లలు తండ్రిని చూడనే లేదు. అంటే ధైర్యం కొంత రక్తంలోనే వస్తుందన్నమాట.

తెల్లమీసం | గురువారం, ఉదయం 7:15

నేను మాత్రం జాతి చూడమనే అంటాను. మాది ర్యాగ్‌డాల్. ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా ఒళ్లు వదిలేస్తుంది, ఆ పేరు అందుకే వచ్చింది. 1960లలో కాలిఫోర్నియాలో ఆన్ బేకర్ అనే ఆవిడ సాధువైన పిల్లుల్ని ఏరి, కలిపి ఈ జాతిని తయారుచేశారు. నేను ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి వస్తుంది. పెద్దావిడ కోసం అంటున్నారు కాబట్టి, అదృష్టం మీద వదిలేయకుండా తెలిసిన స్వభావం ఉన్న జాతిని తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నల్లమచ్చ | గురువారం, ఉదయం 8:02

తెల్లమీసం గారూ, మీ పిల్లి మీద మీకున్న ప్రేమ అర్థమవుతోంది. కానీ నేను పదేళ్లుగా షెల్టర్‌లో సాయం చేస్తున్నాను. ఏ జాతీ లేని మామూలు వీధిపిల్లులే నా చెప్పుల మీద తల పెట్టి నిద్రపోవడం వందసార్లు చూశాను. జాతి పేరు చెప్పి వదిలించుకున్నవి కూడా మా దగ్గరకొస్తాయి. "అస్సలు ఒళ్లోకి రావట్లేదు, మోసపోయాం" అని వదిలేసినవి.

జంతువైద్యం | గురువారం, మధ్యాహ్నం 1:40

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. జాతుల మధ్య సగటున తేడాలున్నాయి. సయామీస్ ఎక్కువ మాట్లాడుతుంది, మనిషిని వదలదు. పర్షియన్ నెమ్మది. కానీ ఒక జాతిలోని రెండు పిల్లుల మధ్య ఉండే తేడా కూడా తక్కువేం కాదు.

జాతిపిల్లి తీసుకుంటే జబ్బుల గురించి ముందే తెలుసుకోండి. ర్యాగ్‌డాల్, మెయిన్‌కూన్ జాతుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బు వంశంలో వస్తుంది, దానికి జన్యు పరీక్ష ఉంది. తల్లిదండ్రుల రిపోర్టులు చూపించని బ్రీడర్ దగ్గర కొనొద్దు. పర్షియన్లకి మొహం నొక్కుకుపోయి ఉండటం వల్ల ఊపిరి, కళ్ల సమస్యలు. స్కాటిష్ ఫోల్డ్‌ని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను. ముద్దుగా కనిపించే ఆ మడత చెవులు మృదులాస్థి లోపం వల్ల వచ్చినవే. ఆ లోపమే కాళ్ల కీళ్లలోనూ తోకలోనూ ఉండి బతికినంతకాలం నొప్పి పెడుతుంది. కదలకుండా కూర్చుంటే శాంతమనుకుంటారు. నొప్పితో కదలని పిల్లిని చూసి శాంతం అనుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

రంగు గురించి: నారింజ రంగు పిల్లులు ప్రేమగా ఉంటాయని చాలామంది నమ్మకం. ఆ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అందుకే వాటిలో దాదాపు 80 శాతం మగవే. అంతకుమించి రంగు చూసి స్వభావం చెప్పలేం. పూర్తి తెల్లగా ఉండి రెండు కళ్లూ నీలంగా ఉన్నవాటిలో మాత్రం ఎక్కువ శాతం చెవిటివి. పిలిస్తే పలకకపోతే పొగరు అనుకోకండి. ఆడా మగా తేడా కూడా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక పెద్దగా మిగలదు. చేయించని మగది ఇంటినిండా మూత్రం చల్లుతుంది, బయటికి పారిపోవాలని చూస్తుంది.

కిటికీపక్కన | గురువారం, రాత్రి 8:55

ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్ అండీ. ఆదివారం వెళ్లి చూసి మాత్రం వస్తాను. అక్కడికి వెళ్లాక ఏం చేయాలి? అన్నీ ముద్దుగానే ఉంటాయి కదా, ఎలా పోల్చుకోవాలి?

మూడుపిల్లులు | గురువారం, రాత్రి 10:10

నింపాదిగా చెబుతాను, నాకు బాగా ఇష్టమైన విషయం ఇది.

ముందు, తొందరలేని రోజు వెళ్లండి. గంటసేపైనా ఉండాలి. పిల్లలు తిని పడుకున్న వేళ వెళ్తే అన్నీ సాధువుల్లాగే కనిపిస్తాయి. నిద్రలేచి ఆడుకునే వేళ అడిగి తెలుసుకుని వెళ్లండి.

వెళ్లగానే ఏ పిల్లనీ ఎత్తుకోకండి. నేల మీద కూర్చోండి. నిలబడ్డ మనిషి వాటికి కొండంత కనిపిస్తాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటి కళ్లలోకి గుచ్చి చూడకుండా, పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడుతూ ఉండండి. పది నిమిషాల్లో సగం సంగతి తెలిసిపోతుంది. ఒకటి గబగబా వచ్చి మీ చీర అంచు పట్టుకుని లాగుతుంది. ఒకటి దూరంనుంచి చూస్తూ మెడ సాచి వాసన చూస్తుంది. ఒకటి మూలకి నక్కుతుంది.

అందరూ మొదటిదాన్నే తీసుకుంటారు. అది ధైర్యం గలది, నిజమే. కానీ ధైర్యం వేరు, ప్రేమ వేరు. ధైర్యం ఉన్న పిల్ల మీ మీదికెక్కి అటునుంచి దిగి అల్మారా ఎక్కుతుంది, మీరు దానికి దారిలో తగిలిన మెట్టు మాత్రమే. నేను చూసేది మళ్లీ వచ్చేదాన్ని. ఆట మధ్యలో వదిలేసి మనిషి దగ్గరికి తిరిగి వచ్చి, చేతికి చెంప రాసి, మళ్లీ ఆటకి పోయి, మళ్లీ వచ్చే పిల్ల. అలా రెండు మూడుసార్లు వస్తే అది ఆ మనిషిని గుర్తుపెట్టుకుని వస్తున్నట్టు. తోక నిటారుగా పైకెత్తి, కొస కొంచెం వంచి వస్తే అది పలకరింపు.

తర్వాత వేలు ఒకటి దాని ముక్కుకి కొంచెం దూరంగా చాచండి. వాసన చూసి బుగ్గ రాసిందా, చెవుల వెనకా గడ్డం కిందా నెమ్మదిగా గోకండి. ఆగండి. చెయ్యి తీసేయండి. ఇంకా కావాలని తల తోసిందంటే నాకు అదే పెద్ద గుర్తు. కడుపు తగలొద్దు. వెల్లకిలా పడుకుని కడుపు చూపించడం నమ్మకానికి గుర్తే గాని, నిమరమని అడగడం కాదు.

చివర్లో ఎత్తుకోండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద. కాసేపు గింజుకుని, మాట వినపడగానే సర్దుకుంటే చాలు. గింజుకుందని వదిలేయకండి, చిన్నపిల్లలన్నీ ఆటమీదే ఉంటాయి.

మూలకి నక్కినదాన్ని కూడా చులకన చేయొద్దు. మా రెండోది అలాంటిదే. ఇప్పుడు దిండు పంచుకుంటుంది. కానీ దానికి ఏడాదిన్నర పట్టింది. మీ అమ్మగారికి ఇప్పుడు తోడు కావాలి కాబట్టి మీకు చెప్పను.

జంతువైద్యం | గురువారం, రాత్రి 10:42

పైన చెప్పినదానికి ఒక హెచ్చరిక కలుపుతాను. చేతిలోకి తీసుకోగానే కదలకుండా ఒదిగిపోయే పిల్లని చూసి మనసు కరిగిపోతుంది. అది జ్వరంతోనో, నెత్తురు తక్కువయ్యో నీరసపడ్డ పిల్ల కావచ్చు. ఆ వయసు పిల్లకి మెలకువ ఉన్నంతసేపూ ఆటే. తోబుట్టువులు ఆడుతుంటే ఒక్కటే ముడుచుకుని కూర్చుందంటే అనుమానించండి.

కళ్లలో పుసి, ముక్కు కారడం, తుమ్ములు ఉన్నాయా చూడండి. చెవిలో కాఫీ పొడి లాంటి నల్లటి మురికి ఉంటే పురుగులున్నట్టు. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే కడుపులో నులిపురుగులు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి, పాలిపోతే మంచిది కాదు. తోక కింద శుభ్రంగా ఉండాలి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, తెచ్చుకోకూడదని కాదు. తెలిసి తెచ్చుకోవాలి.

కొత్తగావచ్చా | శుక్రవారం, ఉదయం 11:05

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆవిడకి మూడో నెల. మా ఇంట్లో రెండేళ్ల పిల్లి ఉంది, అందరూ వదిలేయమంటున్నారు. మాకేమో ప్రాణం. చాలా టెన్షన్‌గా ఉంది.

జంతువైద్యం | శుక్రవారం, మధ్యాహ్నం 2:20

వదలక్కర్లేదు. అందరూ భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో వస్తుంది, వచ్చినా బయటపడి ఒక రోజైనా గడిస్తేనే అంటుకునే స్థితికి చేరుతుంది. కాబట్టి లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి పెట్టే డబ్బా) రోజూ శుభ్రం చేయాలి, ఆ పని మీరే చేయండి, ఆమెని చేయనివ్వద్దు. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, బయట వేటకి వదలకండి. ఉడకని మాంసం, కడగని కూరగాయల ద్వారా కూడా అది మనిషికి వస్తుంది, అక్కడా జాగ్రత్త. ఆమెని చూసే డాక్టర్‌కి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి.

నిర్వాహకులు | శుక్రవారం, మధ్యాహ్నం 2:45

కొత్తగావచ్చా గారూ, ఈ విషయం మీద ఇంకా సందేహాలుంటే వేరే చర్చ మొదలుపెట్టండి, చాలామందికి పనికొస్తుంది. ఇక్కడ పిల్లిని ఎంచుకోవడం గురించే కొనసాగిద్దాం.

నల్లమచ్చ | శుక్రవారం, రాత్రి 9:30

కిటికీపక్కన గారూ, ఇంతసేపూ అందరం పిల్లల గురించే మాట్లాడాం. అసలు మీకు చిన్నపిల్లే ఎందుకు? పెద్దపిల్లి ఎందుకు కాకూడదు?

మీ పోస్టు మళ్లీ చదివాను. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మూడు నెలల పిల్ల కాళ్లకి అడ్డంపడుతూ పరిగెడుతుంది, తొక్కకుండా ఉండబోయి పెద్దావిడ పడితే? కర్టెన్ ఎక్కుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి పాదాల మీద దూకుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా ఇదే వరస. పైగా ఆవిడకి కావలసింది ఒళ్లో పడుకునే పిల్లి. ఆడుకునే వయసులో ఏ పిల్లా ఒళ్లో కూర్చోదు, నిద్రొస్తే తప్ప.

మూడేళ్లు దాటిన పిల్లి స్వభావం ఏమిటో అప్పటికే తేలిపోయి ఉంటుంది. పిల్ల విషయంలో మనం ఊహిస్తున్నాం. పెద్దదాని విషయంలో ఉన్నది చూస్తున్నాం. దాన్ని రోజూ చూసేవాళ్లని అడిగితే చెబుతారు: ఎవరినీ రానివ్వదు, ఇది ఆడవాళ్ల దగ్గరకే పోతుంది, ఇది చీపురు చూస్తే వణుకుతుంది, ఇది కూర్చున్న ప్రతి ఒళ్లోనూ ఎక్కుతుంది అని. ఇంట్లో పెరిగే పిల్లి పదిహేనేళ్లు బతకడం మామూలు విషయం, కాబట్టి నాలుగేళ్లదాన్ని తెచ్చుకున్నా చాలాకాలం మీతోనే ఉంటుంది.

షెల్టర్ బోనులో ఉన్నప్పుడు చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. పక్కబోనులో కుక్క మొరుగుతుంటే ఏ పిల్లి ప్రేమ చూపిస్తుంది? విడిగా ఒక గదిలోకి తెప్పించమని అడగండి. కూర్చోండి, మూడుపిల్లులు గారు చెప్పినట్టే. వీలైతే రెండు వేరువేరు రోజులు వెళ్లండి.

కిటికీపక్కన | ఆదివారం, రాత్రి 8:40

పిల్లల్ని చూసొచ్చాను. నాలుగున్నాయి. తల్లిపిల్లి నేను కూర్చోగానే వచ్చి కాళ్లకి రాసుకుంది, వాళ్ల ఇంట్లో చిన్నమ్మాయి రోజూ వాటితోనే ఆడుతుందట. మీరు చెప్పినవన్నీ కళ్లముందు కనిపించాయి. నల్లది ఒకటి నా ఒళ్లోంచి మూడుసార్లు దూకి మూడుసార్లూ తిరిగొచ్చింది. చాలా కష్టంగా ఉత్త చేతులతో వచ్చాను. ఇంకో ఆరు వారాలు తల్లి దగ్గరే ఉంచమని, టీకాలు మొదలుపెట్టించమని చెప్పాను. ఆవిడ విన్నారు, సరేనన్నారు.

వస్తూ దారిలో ఒక షెల్టర్‌కి కూడా వెళ్లాను, నల్లమచ్చ గారి మాట మనసులో తిరుగుతూనే ఉంది. బూడిదరంగు చారల ఆడపిల్లి ఒకటి, సుమారు నాలుగేళ్లుంటాయన్నారు. ఇల్లు మారిన కుటుంబం వదిలేసి వెళ్లిందట. ఎడమ చెవి కొంచెం చిరిగి ఉంది. ఆపరేషన్, టీకాలు అయ్యాయి. గదిలోకి తెచ్చాక పావుగంట కుర్చీ కింద కూర్చుంది. నేను వాళ్లతో మాట్లాడుతున్నాను. తర్వాత వచ్చి నా పక్కన, తగిలీ తగలనట్టు కూర్చుంది. చెయ్యి చాస్తే తల తోసింది. ఆపితే మళ్లీ తోసింది. రోజూ చూసుకునే అబ్బాయిని అడిగితే, "ఇది తొందరగా రాదండీ, వచ్చాక పోదు" అన్నాడు.

ఏం చేయాలో తెలియడం లేదు. అమ్మకి రెంటి గురించీ చెప్పాను. నల్లపిల్ల సంగతి చెబితే నవ్వింది. చారలదాని సంగతి చెబితే, "ఇల్లు ఖాళీచేసి దాన్ని వదిలేసి ఎలా వెళ్లారే" అని అదే నాలుగుసార్లు అడిగింది.

నల్లమచ్చ | ఆదివారం, రాత్రి 8:58

అమ్మగారు ఎంచుకున్నట్టే ఉన్నారు అక్కా.

మూడుపిల్లులు | ఆదివారం, రాత్రి 9:04

నాకూ అదే అనిపించింది. ఇంకోసారి అమ్మగారిని తీసుకెళ్లి చూపించండి. ఆవిడ ఒడి, ఆవిడే చూడాలి.

జంతువైద్యం | సోమవారం, ఉదయం 7:30

తీసుకునే ముందు ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్‌వీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌లు) పరీక్ష చేశారా అని షెల్టర్‌ని అడగండి, చేయకపోతే చేయించండి. అది ఇన్నాళ్లూ తిన్న తిండే రెండు వారాలపాటు పెట్టి, తర్వాత నెమ్మదిగా మార్చండి. పాలు వద్దు, పెద్దపిల్లులు చాలావాటికి అరగవు. ఇంట్లో లిల్లీ పూలు ఉంచకండి, వాటి పుప్పొడి నాకినా మూత్రపిండాలు పాడవుతాయి. అమ్మగారి నొప్పుల మాత్రలు మూత పెట్టిన డబ్బాలో ఉండాలి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది.

కిటికీపక్కన | తర్వాతి శనివారం, రాత్రి 7:50

చారలది మా ఇంటికొచ్చింది. నిన్న సాయంత్రం. అమ్మ షెల్టర్‌కి వచ్చి దాన్ని చూసి ఒక్కమాటే అంది, "పద, ఇంటికి పోదాం" అని.

కానీ వచ్చినప్పటి నుంచి సోఫా వెనకే ఉంది. రాత్రి మేం పడుకున్నాక తిన్నట్టుంది, గిన్నె ఖాళీ. పగలంతా బయటికి రాలేదు. అమ్మ పిలిచి పిలిచి ఊరుకుంది. పాత రోజులు గుర్తొచ్చి భయమేస్తోంది. నేను తప్పు చేశానా?

మూడుపిల్లులు | శనివారం, రాత్రి 8:05

ఏ తప్పూ చేయలేదు. ఒక్కరోజే అయింది. దానికి ఇప్పుడు ఇల్లంతా కొత్త, వాసనలన్నీ కొత్త. అది ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న పిల్లి.

ఇల్లంతా ఇవ్వకండి, ఒక గది ఇవ్వండి. అమ్మగారు పగలు కూర్చునే గదే అయితే మంచిది. తిండి, నీళ్లు, లిట్టర్ బాక్స్ అక్కడే, తిండికి దూరంగా బాక్స్. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పక్కకి తిప్పి, అమ్మగారు కట్టి విప్పిన పాతచీర అందులో పరవండి. సోఫా వెనకనుంచి లాగొద్దు, పిలవొద్దు, వంగి చూడొద్దు. అమ్మగారిని ఆ గదిలో కూర్చుని పేపరు పైకి చదువుకోమనండి. దానికి గొంతు అలవాటవుతుంది.

తిండి మొత్తం మానేసి ఒక రోజు దాటితే మాత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తింటోంది కాబట్టి భయం లేదు.

నల్లమచ్చ | శనివారం, రాత్రి 8:31

మేం పెంపకానికి తీసుకెళ్లేవాళ్లందరికీ ఒక లెక్క చెబుతాం: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అటూ ఇటూ అవుతుంది గాని చాలావాటికి దగ్గరగా సరిపోతుంది.

జంతువైద్యం | శనివారం, రాత్రి 9:12

అది మిమ్మల్ని చూస్తున్నప్పుడు కళ్లు నెమ్మదిగా సగం మూసి, తర్వాత పూర్తిగా మూసి, తెరవండి. తర్వాత చూపు పక్కకి తిప్పేయండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించారు. మనిషి అలా రెప్పలు ఆడిస్తే పిల్లులు కూడా తిరిగి ఆడించాయి, కొత్తమనిషి అలా చేశాక చెయ్యి చాస్తే దగ్గరికి రావడం కూడా పెరిగింది. అమ్మగారికి నేర్పండి, కుర్చీలోంచే చేయొచ్చు.

ఒళ్లోకి రావడానికి కూడా ఒక పద్ధతుంది. మనం ఎత్తి కూర్చోబెడితే కాసేపే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో డెనిస్ టర్నర్ ఇళ్లలో పిల్లుల్ని గమనించి చెప్పింది కూడా ఇదే, పిల్లి తనంతట మొదలుపెట్టిన సాన్నిహిత్యం మనిషి మొదలుపెట్టినదానికంటే ఎక్కువసేపు ఉంటుంది. అమ్మగారి ఒళ్లో దుప్పటి మడతపెట్టి ఉంచండి, వెచ్చగా ఉండాలి. వచ్చినా వెంటనే నిమరొద్దు.

కిటికీపక్కన | మూడో వారం, మంగళవారం

కొత్త సంగతులు. నాలుగో రోజు అట్టపెట్టెలోకి మారింది. ఎనిమిదో రోజు అమ్మ కుర్చీ కింద పడుకుంది. అమ్మ రోజూ పేపరు మొత్తం పైకి చదువుతోంది, వర్గీకృత ప్రకటనలతో సహా. నిన్న కుర్చీ చేతి మీదికెక్కి కూర్చుంది. ఒళ్లోకి ఇంకా రాలేదు. అమ్మకి తొందర లేదట. "నాకు మాత్రం ఎక్కడికి పోయే పని ఉందే" అంటోంది.

మీ మాటలు చదివాక ఒక విషయం గుర్తుకొచ్చింది. మా పాతపిల్లి నేను పరీక్షలకి చదువుకునే రోజుల్లో గది గుమ్మంలో కూర్చునేది. లోపలికి వచ్చేది కాదు, పోయేదీ కాదు. రాత్రి రెండింటికి లైటు ఆపితే లేచి వెళ్లేది. దారికి అడ్డంగా కూర్చుందని విసుక్కునేదాన్ని.

నల్లమచ్చ | మంగళవారం, రాత్రి 9:50

అది మీతోపాటు మెలకువగా ఉన్నట్టు అక్కా. కొన్ని పిల్లులు అంతదూరంలోనే ప్రేమిస్తాయి. దాన్ని ఎవరైనా చిన్నప్పుడు భయపెట్టారేమో, ఆ గుమ్మం దాకా రావడమే దానికి చాలా పెద్ద పని అయి ఉంటుంది.

కిటికీపక్కన | ఐదో వారం, శుక్రవారం, రాత్రి 9:15

ఆఫీసునుంచి వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంది. కంగారుపడి లైటు వేయబోతే అమ్మ "వెయ్యకు" అని గుసగుసగా అంది. ఒళ్లో దుప్పటి మీద చుట్టచుట్టుకుని పడుకుని ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఎక్కిందట. ముందు పిండి పిసికినట్టు దుప్పటిని చాలాసేపు కాళ్లతో తొక్కి, అప్పుడు పడుకుందట. అమ్మ టీ కూడా పెట్టుకోలేదు. గురగుర గది గుమ్మం దాకా వినిపిస్తోంది.

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ నల్లపిల్లకి కూడా మా ఆఫీసులో ఒకరు సిద్ధంగా ఉన్నారు, పన్నెండు వారాలు నిండాకే తీసుకెళ్తారు.

మూడుపిల్లులు | శుక్రవారం, రాత్రి 9:22

కళ్లు చెమర్చాయి. అమ్మగారిది పెద్దవయసు చర్మం కదా, పిసికేటప్పుడు గోళ్లు గుచ్చుకుంటాయి, దాని గోళ్ల కొసలు కత్తిరించడం మర్చిపోకండి. తెల్లగా ఉన్న చివర మాత్రమే, లోపలి గులాబీరంగు గీతకి తగలొద్దు.

కిటికీపక్కన | శుక్రవారం, రాత్రి 9:31

రేపు కత్తిరిస్తానండీ. ఇవాళ లేపొద్దంటోంది అమ్మ.